చెరువు కట్ట మీద మాట ఎవరిది?

(తిరుపతిలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో మాట్లాడమంటే మేము మామూలుగా ఒప్పందాల గురించి, జీవోల గురించి, టీఎంసీల గురించి, రాజధాని, హైకోర్టు గురించి మాట్లాడతాం. పత్రికల్లో పనిచేసేవాళ్ళం కాబట్టి తేదీలు, అంకెలు నాలుక మీద ఉంటాయి. ధర్నాలో కూర్చున్నప్పుడూ, రాస్తారోకోలో నిలబడినప్పుడూ ఆ అంకెలనే నినాదాలుగా అరిచాం. ఈ రోజు ఆ అంకెలన్నీ ఎవరి పేరు చెప్పి అడుగుతున్నామో ఆ మనిషి గురించి, ఆ మనిషి బతికే పల్లె గురించి మాట్లాడదామని వచ్చాం.

ఏ పల్లె అని అడగొద్దు. రామకుప్పం, బైరెడ్డిపల్లె, చౌడేపల్లె, తంబళ్ళపల్లె... ఈ మండలాల్లో నూరు నూటయాభై గడపలున్న ఏ పల్లెనైనా మనసులో పెట్టుకోండి. మనం పడమటి మండలాలు అని పిలుచుకునే నేల అది. ఒకవైపు కర్ణాటక, ఒకవైపు తమిళనాడు. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి కొంత, కడప నుంచి కొంత తీసి, జమీన్లు కలిపి చిత్తూరు జిల్లాను చేశారు. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లాను మూడుగా విడగొట్టారు. కలిపినప్పుడు మదరాసులో సంతకమైంది, విడగొట్టినప్పుడు అమరావతిలో సంతకమైంది. పల్లెకు కలెక్టరు కచేరీ దూరం మారింది, అంతే.

మేము అడగదలుచుకున్న ప్రశ్న ఒక్కటే. పల్లె బతికేది నీళ్ళ మీద, పాల మీద, పంట మీద, పిల్లల చదువు మీద. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదాని గురించైనా పల్లె చెప్పిన మాట చెల్లుతోందా? ప్రత్యేక రాష్ట్రం కావాలన్న మనం ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ముందుకు పోలేం.

నీరుగట్టు ఏమయ్యాడు?

మొదట నీళ్ళు. సీమ అనగానే వాన పడని నేల అనుకుంటారు. చిత్తూరు సంగతి వేరు. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం 900 మిల్లీమీటర్ల పైచిలుకు. అనంతపురంతో పోలిస్తే ఎంతో మెరుగు. అయితే ఆ వానలో తూర్పు మండలాలకు పడినంత పడమటికి పడదు. పడినా నాలుగు దినాల్లో కురిసి వెళ్ళిపోతుంది. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. స్వర్ణముఖి, బాహుదా, పాపాఘ్ని, కౌండిన్య, పాలారు అన్నీ వానొస్తే ఏర్లు, లేకపోతే ఇసుక తిన్నెలు. ఆ సంగతి తెలిసే మన పెద్దలు చెరువులు కట్టారు. చిన్నా పెద్దా కలిపి ఉమ్మడి జిల్లాలో దాదాపు 8 వేల చెరువులున్నాయి. పై చెరువు మొరవ పారితే ఆ నీళ్ళు వంకలో పడి కింది చెరువుకు చేరతాయి. అది నిండితే దాని కిందిదానికి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. నాలుగు దినాల వానను నాలుగు నెలల పంటగా మార్చిన తెలివి అది.

ఆ తెలివి వెనక ఒక మనిషి ఉండేవాడు, నీరుగట్టు. తూము ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో, ముందు ఏ కయ్యకు పోవాలో, చివరి కయ్యకు ఎన్నో జాముకు అందాలో చూసేవాడు. చెరువు సగమే నిండిన ఏడు ఎవరు ఎంత మడి నాటాలో ఊరు కట్ట మీద కూర్చుని తీర్మానించేది. ఆ తీర్మానాన్ని నడిపేది నీరుగట్టు. పంట ఇంటికొచ్చినప్పుడు ప్రతి కళ్ళంలో అతనికి మేర కొలిచేవాళ్ళు. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె ఉంది. ఈ రోజు ఆ పేరు వింటే పట్టు మగ్గాలే గుర్తొస్తాయి. కానీ ఆ పేరులో ఒక కొలువు ఉంది. నీళ్ళను ఊరు తానే పంచుకున్న కాలం ఉంది.

ఆ కాలాన్ని స్వర్గమని చెప్పడానికి మేము రాలేదు. చాలా ఊళ్ళలో నీరుగట్టు దళితుడు. ఊరి కయ్యలన్నింటికీ నీళ్ళు వదిలినవాడికి ఊరి బావిలో బొక్కెన వేసే హక్కు లేదు. కట్ట మీద కూర్చుని తీర్మానించిన ఊరిలో ఆడవాళ్ళు లేరు, మాలపల్లె లేదు, మాదిగపల్లె లేదు. కాబట్టి పాత కట్టను యథాతథంగా తెచ్చుకుందామని మేము అనడం లేదు. అందరూ కూర్చోగలిగిన కట్ట కావాలంటున్నాం. జరిగింది దానికి తలకిందులు. అంటరానితనం పోకముందే కట్ట పోయింది.

ఎట్లా పోయిందో చూడండి. చెరువు రికార్డు నీటిపారుదల శాఖకు, చిన్న కుంట పంచాయతీరాజ్ శాఖకు, వంక పోరంబోకు రెవెన్యూకు, గట్టు మీది చెట్టు ఇంకొక శాఖకు పోయింది. పైనుంచి నీళ్ళొచ్చే కాలువలను కొందరు చేనుల్లో కలుపుకున్నారు, కొన్నిచోట్ల ఇంటి ప్లాట్లు వేశారు. చెరువులో సీమతుమ్మ మొలిచింది. 1997లో రైతుల యాజమాన్యం పేరిట చట్టం తెచ్చి నీటి సంఘాలు పెట్టారు. పేరు గొప్పది. నిధులు శాఖవి, అంచనాలు ఇంజనీరువి, పనులు కాంట్రాక్టరువి. యాజమాన్యం మాత్రం రైతుదట! ఎన్నికలు ఒకసారి జరిగితే మళ్ళీ ఎప్పుడో తెలియదు. 2024 డిసెంబరులో మళ్ళీ జరిగాయి. ఆ సంఘాల అధ్యక్షుల్లో ఎంతమంది చేతికి తమ చెరువు కొలతలున్న కాగితం వచ్చిందో మీ ఊళ్ళో అడిగి చూడండి.

చెరువును పట్టించుకోకపోతే కరువు ఒక్కటే రాదు, వరదా వస్తుంది. 2021 నవంబరు గుర్తుందా? ఈ తిరుపతికి కూతవేటు దూరంలో, రామచంద్రాపురం మండలంలో, శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని చెప్పుకునే రాయలచెరువు నిండి కట్టకు గండి సూచనలు కనబడ్డాయి. కింది పల్లెలను ఖాళీ చేయించారు. కట్ట తెగలేదు, అదృష్టం. అదే నెలలో తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయిన బొమ్మలు దేశమంతా చూసింది. చెరువులు, వంకలు పూడ్చి కాలనీలు వేసుకున్న ఊళ్ళో నీళ్ళు తమ పాత దారి తాము వెతుక్కున్నాయి.

వెయ్యి అడుగుల అప్పు

కట్ట మీద తీర్మానం పోయాక ఎవరి నీళ్ళు వాళ్ళు వెతుక్కోవాల్సి వచ్చింది. మొదట కపిల బావి. తర్వాత ఆయిల్ ఇంజను. ఆ తర్వాత బోరు. రెండు వందల అడుగులకు పడిన నీళ్ళు ఐదు వందలకు పోయాయి, ఐదు వందలవి వెయ్యికి పోయాయి. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని పాయింటు చూసేవాడు వస్తాడు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు బండి వస్తుంది. రాత్రంతా ఊరు నిద్రపోదు. తెల్లారేసరికి పడింది నీళ్ళా, దుమ్మా అన్నది ఒక కుటుంబం పదేళ్ళ బతుకును తేల్చేస్తుంది. దుమ్మే పడితే మళ్ళీ అప్పు, మళ్ళీ పాయింటు, మళ్ళీ బండి. ఆడవాళ్ళ మెడలో తాళిబొట్టుకు పసుపుతాడు మిగలడం ఈ పల్లెల్లో కథల్లో రాసుకునే సంగతి కాదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేము చెప్పడం లేదు. 2002లో వాల్టా చట్టం వచ్చింది, బోరుకు బోరుకు మధ్య దూరం ఉండాలంది. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం అయింది. బిందు సేద్యానికి సబ్సిడీలు వచ్చాయి. 1990ల చివర కుప్పంలో ఇజ్రాయెల్ సేద్యం తెచ్చి చూపించారు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే మంచిదే. కలిపి చూడండి. ఒక చట్టం తోడొద్దంటుంది, ఒక పథకం తోడుకోమంటుంది. భూమి కింద ఉన్నది ఊరందరి నీళ్ళు, తోడేది ఎవరి మోటారు వాళ్ళది. మన ఊరి కింద ఎన్ని నీళ్ళున్నాయి, ఈ ఏడు ఎంత వాడుకోవచ్చు అని పల్లెను కూర్చోబెట్టి లెక్క చెప్పే ఏర్పాటు ఉన్న ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

ఇక పెద్ద నీళ్ళ సంగతి. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇంట్లో శ్రీబాగ్ ఒప్పందం జరిగింది. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్ళలో సీమ అవసరాలకు మొదటి ప్రాధాన్యం అన్నారు. ఆ మాట నమ్మే మన పెద్దలు ఆంధ్ర రాష్ట్రానికి ఒప్పుకున్నారు. 1983లో తెలుగుగంగ ఒప్పందం కుదిరింది. మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు వేసి 15 టీఎంసీల కృష్ణా నీళ్ళు మద్రాసు దాహానికి ఇస్తామన్నాయి. 1996లో నీళ్ళు పూండి చేరాయి. కాలువ మన సత్యవేడు వైపు నుంచే పోయింది. మద్రాసు జనం దాహం తీరడం మీద మనకు ఏడుపు లేదు. దాహం ఎవరిదైనా దాహమే. మన లెక్క వేరు. పక్క రాష్ట్రం పట్టణానికి నీళ్ళు చేరడానికి ఒప్పందం నుంచి 13 ఏళ్ళు పట్టింది. శ్రీబాగ్‌లో మాట ఇచ్చిన సీమలో, అదీ కొసన ఉన్న కుప్పానికి, ఎన్నేళ్ళు పట్టింది?

హంద్రీ-నీవా శ్రీశైలం వెనక జలాల నుంచి 40 టీఎంసీలు ఎత్తిపోసి, నాలుగు జిల్లాల్లో 6 లక్షల ఎకరాలకు పైగా తడపాలన్న పథకం. మల్యాల దగ్గర ఎత్తిన నీళ్ళు 700 కిలోమీటర్ల పైచిలుకు దూరం నడిచి కుప్పం రావాలి. 2024 ఫిబ్రవరి 26న ఒక ముఖ్యమంత్రి వచ్చి కుప్పం కాలువకు నీళ్ళు వదిలారు. 2025 ఆగస్టు 30న ఇంకొక ముఖ్యమంత్రి వచ్చి పరమసముద్రంలో జలహారతి ఇచ్చారు. నీళ్ళు వచ్చినందుకు మాకు సంతోషమే. ఎవరు తెచ్చారన్న కొట్లాట వాళ్ళకు వదిలేద్దాం. మనం అడగాల్సింది వేరే ఉంది. ఏటా ఏ తేదీన వస్తాయి? ఎన్ని దినాలు వస్తాయి? ఏ చెరువుకు ఎంత? కాలువ కొసన ఉన్న పల్లెకు తన వంతు ఎంతో రాసిచ్చిన కాగితం ఉందా? కాగితం లేని నీళ్ళు దయ. దయ ఎన్నికల ఏడు వస్తుంది, మిగతా ఏళ్ళు రాదు. పాలారు మీద మనం చిన్న కట్ట కడతామంటే తమిళనాడు 2006లో సుప్రీంకోర్టుకు పోయింది. వాళ్ళకు వాళ్ళ పల్లెల తరఫున వాదించే రాష్ట్రం ఉంది. కొసన ఉన్న మన పల్లె తరఫున ఎవరున్నారు?

పాల చెంబు, టమాటా బుట్ట, మామిడి ట్రాక్టరు

నీళ్ళు నమ్మలేని పల్లె ఆవును నమ్ముకుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడు చిత్తూరు పల్లెను బతికించింది సీమావు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేడ ఎత్తి, కసువు వేసి, పాలు పిండి, కేంద్రానికి తీసుకుపోయేది ఆడమనిషి. అక్కడ వెన్న శాతం ఎంతో మిషను చెబుతుంది. ధర ఎంతో కంపెనీ చెబుతుంది. పదిహేను దినాలకు బిల్లు వస్తుంది. దాణా ధర పెరిగిన దినమే పాల ధర పెరగదు. వెండి వన్నె చూసే కంసాలినైనా నిలదీసి అడిగే మనిషి, తాను పిండిన పాల వెన్న ఎంతో ఎదురు అడగలేదు.

ఈ జిల్లాకు సొంత సహకార డెయిరీ ఉండేది. 2002లో మూతపడింది. ఇరవై ఏళ్ళు దాటాక, 2023 జూలై 4న అమూల్‌తో కలిసి తెరుస్తామని శంకుస్థాపన చేశారు. మూసినప్పుడు గానీ, ఇంకొకరికి అప్పగించినప్పుడు గానీ పాలు పోసిన ఆడవాళ్ళను ఎవరూ ఓటు అడగలేదు. సహకారం అంటే సభ్యుడి మాట. ఆ మాట పోయిన దినమే డెయిరీ మూతపడింది, తాళం తర్వాత వేశారు. రేణిగుంట దగ్గర గాజులమండ్యం, చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీలూ ఇదే దారిన పోయాయి. ఆ చుట్టుపక్కల చెరకు మడులే కనుమరుగయ్యాయి.

టమాటా సంగతి మీకు తెలుసు. మదనపల్లె మార్కెట్టు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని గొప్పగా చెప్పుకుంటాం. 2023 జూలై ఆఖరున కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది. దేశమంతా వార్త. టమాటా కోటీశ్వరులని కథలు రాశారు. అదే ఏడు సెప్టెంబరుకు పది రూపాయల దరిదాపులకు పడింది, ఆ వార్త మూలకు పోయింది. రోడ్డు పక్కన పారబోసిన టమాటాలను ఆవులు తినే దృశ్యం ఈ దారిన పోయే ప్రతి బస్సు ప్రయాణికుడూ ఎన్నోసార్లు చూసినదే. నారుకు, కట్టెలకు, మందుకు, కోతకు, బాడుగకు పెట్టుబడి రైతుది. కమీషను, తరుగు మండీది. ధర ఢిల్లీలో, కోల్‌కతాలో, ఎక్కడో ఎవరో అడిగినదాన్ని బట్టి.

2025 వేసవిలో తోతాపురి మామిడి ఏమైంది? గుజ్జు ఫ్యాక్టరీల్లో పాత నిల్వలు పేరుకుపోయి ఉన్నాయన్నారు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. కాయలు కోసుకొచ్చిన ట్రాక్టర్లు బంగారుపాళ్యం, గుడిపాల వైపు ఫ్యాక్టరీల ముందర కిలోమీటర్ల పొడుగున బారులు తీరాయి. కాయ ట్రాక్టర్లోనే పండి, పులిసి, కారిపోయింది. పొరుగు రాష్ట్రాల కాయ రావొద్దని జిల్లా అధికారులు ఉత్తర్వు ఇచ్చారు, కర్ణాటక ముఖ్యమంత్రి లేఖ రాశారు. శ్రీనివాసపురం రైతు, బంగారుపాళ్యం రైతు ఒకరినొకరు శత్రువులనుకునే పరిస్థితి వచ్చింది. ఇద్దరి కాయనూ కొనేది అవే ఫ్యాక్టరీలు. గుజ్జు ఎంత మిగిలింది, ఏ దేశం కొనడం ఆపింది అన్న లెక్క సంక్రాంతికే రైతుకు చెప్పి ఉంటే ఈ గతి పట్టేదా?

బండెక్కిన పల్లె

పంట, పాలు, నీళ్ళు మూడూ చేతిలో లేని పల్లె బండెక్కుతుంది. కుప్పం స్టేషనులో తెల్లవారకముందే బెంగుళూరు రైలు కోసం నిలబడే జనాన్ని చూడండి. సంగటి ముద్ద టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని కట్టడం పనికి, సెక్యూరిటీ పనికి, ఇళ్ళల్లో పనికి పోతారు, రాత్రికి మళ్ళీ వస్తారు. పీలేరు, కలికిరి వైపు వాళ్ళు కువైట్ పోతారు. తూర్పున శ్రీసిటీ ఫ్యాక్టరీల బస్సులు ఆడపిల్లలను ఎక్కించుకుని పోతాయి. పని దొరకడం మంచిదే. సొంత జీతం చేతికొచ్చిన ఆడపిల్ల తల ఎత్తి మాట్లాడుతుంది, అదీ మంచిదే. కానీ ఊళ్ళో మిగిలిందెవరు? అవ్వ, తాత, బడికి పోయే మనవడు. మడి నాటడానికి మనిషి లేడు. కట్ట తెగితే ఇసుక మూట మోసే భుజం లేదు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. మొదటి విడతలోనే చిత్తూరు జిల్లా కూడా ఉంది. చెరువు పూడిక తీయడం, వంకలు బాగుచేయడం లాంటి పనులను గ్రామసభే ఎంచుకోవాలని ఆ చట్టంలో రాశారు. ఈ దేశంలో పల్లె మాటకు చట్టం ఇచ్చిన పెద్ద చోటు అది. మన గ్రామసభలు ఎట్లా జరిగాయో మనకు తెలుసు. పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకున్నారు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. వాడుకోని హక్కు ఎంత సులభంగా మారిపోతుందో చూశారా?

బడి సంగతీ అంతే. 2022లో జీవో 117 వచ్చి ఊరి బడిలోని మూడు, నాలుగు, ఐదు తరగతులను దూరంగా ఉన్న హైస్కూలుకు కలిపింది. చిన్న పిల్లలు వంక దాటి, రోడ్డు దాటి నడవాల్సి వచ్చింది. 2025లో ఆ జీవోను రద్దు చేసి కొత్త పద్ధతి తెచ్చారు. ఇక్కడ ఉపాధ్యాయ మిత్రులు చాలామంది ఉన్నారు, ఏది మంచి పద్ధతో మాకంటే మీకు బాగా తెలుసు. మేము అడిగేది ఒక్కటే. కలపడానికి ముందు, విడదీయడానికి ముందు ఆ పిల్లల తల్లులను పిలిచి ఎవరైనా అడిగారా?

అడవి అంచు పల్లెలకు ఇంకొక బాధ. 1980లలో ఏనుగులు పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటైంది. అప్పటినుంచి పలమనేరు, కుప్పం పల్లెల్లో రాత్రి కాపలా బతుకులో భాగమైంది. ఒక్క రాత్రిలో అరటి, చెరకు, వరి తొక్కి పోతాయి. మనుషులు చనిపోయారు, కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోయాయి. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం పెట్టారు. మంచిది. కానీ ఏ దారిన గుంపు వస్తుందో, ఏ నెలలో వస్తుందో పక్కాగా చెప్పగలిగింది ఆ అంచు పల్లెలవాళ్ళే. వాళ్ళను కాపలాకు పిలుస్తారు, ఆలోచనకు పిలవరు.

భారతం నడిపే ఊరికి చేతకాదా?

పల్లెకు చదువు లేదు, ఐకమత్యం లేదు, వాళ్ళ చేతికిస్తే తన్నుకుంటారు అని ఆఫీసుల్లో అంటారు. అట్లాంటివాళ్ళను ఎండాకాలం చిత్తూరు పల్లెలో భారతం చూడమనండి. ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది దినాలు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసురుడికి బండి నిండా అన్నం పోతుంది. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, కింద తడిబట్టలతో ఆడవాళ్ళు వరాలకు సాష్టాంగపడి ఉంటారు. ఆఖరు దినం మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి తొడ పగులుతుంది. ఆ సాయంత్రం అగ్నిగుండం. చుట్టూ ఉన్న ఊళ్ళు కలిసి చందా వేసుకుంటాయి. ఏ ఊరికి ఏ దినం ఉభయమో, ఏ ఇంటికి ఏ పనో ముందే తేలిపోతుంది. లెక్క గుడి ముందర చదువుతారు. ఒక్క జీవో లేదు, ఒక్క అంచనా పత్రం లేదు, ఇంజనీరు లేడు. పద్దెనిమిది దినాలు వేలమందికి అన్నం పెట్టి కార్యం నడిపే పల్లెకు ఒక చెరువు తూము నడపడం చేతకాదా? నమ్మకం లేనిది పల్లె మీద పైవాళ్ళకు. చేతకానితనం పల్లెది కాదు.

ఆచే చెప్పే పాఠం

మన చర్చకు పనికొచ్చే ఒక దూరదేశపు సంగతి చెబుతాం. ఇండోనేషియా పడమటి కొసన ఆచే అనే ప్రాంతం ఉంది. గ్యాస్, చమురు ఉన్న నేల. మా సంపద జకార్తాకు పోతోంది, మా పల్లెలు ఎండుతున్నాయి అని 1976లో అక్కడ సాయుధ పోరాటం మొదలైంది. దాదాపు ముప్పై ఏళ్ళు సాగింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి లక్షన్నరకు పైగా మనుషులను మింగింది. ఆ శోకంలోనే 2005 ఆగస్టు 15న హెల్సింకీలో శాంతి ఒప్పందం కుదిరింది. 2006లో స్వపరిపాలన చట్టం వచ్చింది. సొంత పార్టీలు పెట్టుకునే హక్కు, చమురు గ్యాస్ ఆదాయంలో 70 శాతం వాటా, 2008 నుంచి ప్రత్యేక నిధి ఇచ్చారు.

అక్కడ పల్లెను గాంపోంగ్ అంటారు. ప్రార్థన మందిరం దగ్గరే ఊరు కూర్చుని మాట్లాడుకుంటుంది. వరి మడులకు నీళ్ళు పంచే పెద్దమనిషి ఒకడుంటాడు, కెజ్రూన్ బ్లాంగ్ అంటారు. అచ్చం మన నీరుగట్టే! స్వపరిపాలన చట్టం ఆ పదవిని పేరు పెట్టి గుర్తించింది. ఇది మనం నేర్చుకోవాల్సిన మంచి. కానీ రెండో సంగతీ వినండి. అంత నిధి వచ్చినా, 2020లలోకి వచ్చినా, సుమత్రా దీవి మొత్తంలో పేదరికం శాతం ఎక్కువగా ఉన్న ప్రాంతంగా ఆచే పేరే వస్తూ వచ్చింది. అధికారం జకార్తా నుంచి బందా ఆచేకు వచ్చింది. అక్కడి నుంచి గాంపోంగ్‌కు పోయే దారిలో చాలా ఇంకిపోయింది. కాలువ కొసకు నీళ్ళు చేరనట్టే.

ఇప్పుడు మన సంగతి. రాష్ట్రం కావాలని అడగడం న్యాయమే. శ్రీబాగ్ మాట నిలబడనప్పుడు అడగకుండా ఎట్లా ఉంటాం? కానీ అధికారం అమరావతి నుంచి తిరుపతికో, కర్నూలుకో వచ్చి అక్కడే ఆగిపోతే బైరెడ్డిపల్లె మండలంలో పాలు పిండే అక్కకు ఒరిగేదేమిటి? ఆమె అడిగేది రాజధాని పేరు కాదు. తన చెరువుకు కాలువ నీళ్ళు ఏ దినం వస్తాయో అడుగుతోంది. తన పాలలో వెన్న ఎంతో అడుగుతోంది. తన మనవడి బడి ఎక్కడుంటుందో అడుగుతోంది. మన కోరికల పత్రంలో ఆ ప్రశ్నలకు చోటు లేకపోతే ఆ పత్రం ఆమెది కాదు.

చేయాల్సిన పని

అందుకే ఉద్యమం ముందు మేము నాలుగు కోరికలు పెడుతున్నాం. ఒకటి, కాలువ నీళ్ళలో ఏ చెరువుకు ఎంత వంతో, ఏ తేదీకో పంచాయతీ గోడ మీద రాయాలి. రెండు, గొలుసుకట్టు చెరువుల వంకలు, మొరవలు, తూములు ఆయకట్టు గ్రామసభ అధీనంలో ఉండాలి. ఆ సభలో భూమి లేనివాళ్ళకూ, ఆడవాళ్ళకూ, దళితవాడకూ సమానంగా మాట ఉండాలి. మూడు, పాల వెన్న పరీక్ష పోసినవాళ్ళ కళ్ళముందు జరగాలి, మామిడి గుజ్జు నిల్వల లెక్క సంక్రాంతికే రైతుకు చెప్పాలి. నాలుగు, గ్రామసభ తీర్మానం లేకుండా బడి కదలకూడదు.

కోరికలు పెట్టి ఇంటికి పోతే ఉపయోగం లేదు. విద్యార్థి మిత్రులారా, 1954లో పుట్టిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, 1997లో పుట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మీరు ఈ సెలవుల్లో మీ ఊరి చెరువు ఒక్కటి తీసుకోండి. కట్ట పొడుగెంత, తూములెన్ని, పైనుంచి నీళ్ళొచ్చే వంక ఎక్కడ తెగింది, ఎవరు పూడ్చారు, మొరవ నీళ్ళు ఏ చెరువుకు పోవాలి, ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయి? నడిచి చూసి రాయండి. ఊళ్ళో డెబ్బై ఏళ్ళు దాటిన మనిషిని వెంటబెట్టుకుపోండి, నీరుగట్టు ఇంటివాళ్ళు ఉంటే వాళ్ళను ముందు పిలవండి. ఉద్యోగ మిత్రులారా, ఆ పిల్లలు సర్వే నంబరు పట్టుకుని మీ ఆఫీసుకు వస్తే పటం చూపించండి. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది, దరఖాస్తు ఎట్లా రాయాలో మీరే నేర్పండి. మీలో చాలామంది ఆ పల్లెల నుంచి, ఆ పాల డబ్బుతో, ఆ టమాటా డబ్బుతో చదువుకుని వచ్చినవాళ్ళే.

మేము పత్రికలవాళ్ళం. మీరు రాసి తెచ్చిన ప్రతి చెరువు కథకూ ఈ పుటల్లో చోటిస్తాం. పదిమంది పది చెరువులు రాస్తే అది వార్త. వెయ్యిమంది వెయ్యి చెరువులు రాస్తే అది సీమ నీళ్ళ మీద సీమ జనం రాసుకున్న రికార్డు. రేపు ఏ ప్రభుత్వంతో మాట్లాడటానికి కూర్చున్నా మన చేతిలో ఉండాల్సింది ఆ రికార్డే. వచ్చే వానలకు ముందే పని మొదలుపెడదాం. ఈశాన్యం వచ్చేది అక్టోబరులో. మనకు ఎక్కువ టైం లేదు.